థర్మోస్టాట్ 32లో పెట్టినా పాము ఎన్‌క్లోజర్‌లో 36 చూపిస్తోంది, ఏం చేయాలి?

నక్కలగుట్ట_పైథాన్:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. ఇంట్లో ఒక బాల్ పైథాన్ ఉంది, మగది, రెండేళ్లు దాటింది. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ అయిపోయింది, కాగితాలన్నీ ఉన్నాయి. నా టెన్షన్ అంతా ఎండల గురించే.

ఎన్‌క్లోజర్ ప్లైవుడ్‌ది, నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, ముందు జరిపే అద్దాలు. ఒక పక్క అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి షీటు), దానికి డిజిటల్ థర్మోస్టాట్, సెట్ చేసింది 32. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఏప్రిల్ సగం దాటినప్పటి నుంచి మధ్యాహ్నం పూట వేడి పక్క 36, చల్ల పక్క కూడా 35 చూపిస్తోంది. థర్మోస్టాట్ లైటు ఆరిపోయే ఉంటోంది, అంటే మ్యాట్ ఆఫ్‌లోనే ఉంది, అయినా వేడి దిగట్లేదు. సెట్టింగ్ 28కి తగ్గించి చూశాను, తేడా ఏమీ లేదు. పాము పగలంతా నీళ్ల గిన్నెలోనే చుట్ట చుట్టుకుని పడుకుంటోంది, పోయినవారం పెట్టిన ఎలుక వైపు తల కూడా తిప్పలేదు.

థర్మోస్టాట్ పాడైందా? కొత్తది కొంటే సరిపోతుందా, లేక ఫ్యాన్ పెట్టాలా? ఇంట్లోవాళ్లేమో పాములు ఎండాకాలంలోనే కదా తిరిగేవి, దాన్ని వేడి ఏం చేస్తుంది అంటున్నారు. గది పై అంతస్తులో ఉంది, పైన నేరుగా స్లాబే. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పటికి ఏమవుతుందోనని భయంగా ఉంది.

కరీంనగర్_సరీసృపాలు:

మీ థర్మోస్టాట్ బాగానే ఉంది, కొత్తది కొనకండి. అది చేసే పని ఒక్కటే, హీటర్‌కి కరెంటు ఇవ్వడం, ఆపడం. వేడిని బయటికి లాగేయడం దానికి రాదు. గదిలో గాలి 36 ఉంటే ఎన్‌క్లోజర్‌లో ఏ మూలా అంతకంటే చెప్పుకోదగ్గంత తగ్గదు, మీరు 28 పెట్టినా 20 పెట్టినా అంతే. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్లు రాసినవి, వాళ్ల గది 20 దగ్గర ఉంటుంది కాబట్టి వాళ్లకు వేడి ఎలా పెంచాలన్నదే సమస్య. మన దగ్గర మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా గదిని చల్లగా ఉంచడమే అసలు పని, మ్యాట్‌కి ఆ రోజుల్లో పెద్దగా పనే ఉండదు.

బాల్ పైథాన్‌కి వేడి పక్క పాము ఒళ్లు ఆనే నేల మీద 31 నుంచి 33 ఉండాలి, చల్ల పక్క 25 నుంచి 27. రాత్రి 23, 24కి దిగినా పర్లేదు. అందరూ వేడి పక్క అంకె గురించే అడుగుతారు కానీ ఎండాకాలంలో చూడాల్సింది చల్ల పక్క అంకె. పాముకి చెమట పట్టదు, ఒంటి వేడి తగ్గించుకోవాలంటే చల్లటి చోటుకి జరగాల్సిందే. మీ పెట్టెలో రెండు పక్కలా 35, 36 ఉంటే అది ఎక్కడికి జరుగుతుంది? అందుకే గిన్నెలోకి దిగింది. గంటల తరబడి 35 దాటి ఉంటే దానికి ప్రమాదమే, 40 దగ్గరికి వస్తే ప్రాణం మీదికే వస్తుంది. ఇది రేపు ఎల్లుండి చూద్దాం అనుకునే విషయం కాదు, ఈ రోజే కదలండి.

మీ ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పండి. ఈ పాముది పశ్చిమ, మధ్య ఆఫ్రికా, ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు. అక్కడా ఎండలు తక్కువేం కాదు, కానీ పగలంతా అది ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉండి చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. మన ఊళ్లల్లో పాములూ అంతే, మే నెల మిట్టమధ్యాహ్నం ఏ పామూ బండ మీద పడుకోదు, పుట్టలోనో గట్టు కిందో ఉంటుంది. ప్లైవుడ్ పెట్టెలో ఉన్న పాముకి భూమిలోకి దిగే దారి లేదు, ఆ బొరియ చల్లదనం మనమే ఇవ్వాలి.

ముందు గది మార్చండి. స్లాబు కింద గది ఎండాకాలానికి అస్సలు పనికిరాదు. పొద్దంతా ఎండకు కాగిన స్లాబు సాయంత్రం నుంచి ఆ వేడిని కిందికి వదులుతుంది, బయట గాలి చల్లబడ్డా రాత్రి పది, పదకొండు దాకా గది ఉడుకుతూనే ఉంటుంది, పాముకి రాత్రి కూడా ఉపశమనం ఉండదు. కింది అంతస్తులో ఇంటి మధ్యలో ఉండే గది, బయటి గోడలు తక్కువగా ఉన్నది, పడమటి ఎండ తగలనిది చూసి అందులోకి దించండి. అంత పెద్ద పెట్టె దించలేకపోతే ఈ రెండు నెలలకి గాలి రంధ్రాలు ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్‌లోకి పామును మార్చినా చాలు, మూత గట్టిగా పట్టేలా క్లిప్పులు ఉండాలి అంతే.

ఫ్యాన్ గురించి అడిగారు. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, ఉన్న గాలినే తిప్పుతుంది. మనకు చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల, ఆ లాభం పాముకి లేదు, పైగా గిన్నెలో నీళ్లు, అడుగున పొట్టు తొందరగా ఎండిపోతాయి.

ఖని_వైరింగ్:

పైన చెప్పిందంతా నిజం. నేను గోదావరిఖనిలో ఎలక్ట్రికల్ పని చేస్తాను, ఇంట్లో కార్న్ స్నేక్ ఉంది, రామగుండం ఎండలు మీకు తెలిసినవే. ఒక్క విషయం అడుగుతా అన్నా, ఆ 36, 35 అనేవి దేంతో చూశారు? గోడకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్ అయితే దాన్ని నమ్మకండి, మూడు నాలుగు డిగ్రీల తేడా మామూలుగా ఉంటుంది, పైగా అది గోడ దగ్గర గాలిని చూపిస్తుంది, పాము పడుకునేది నేల మీద. వైరు చివర ప్రోబ్ (వేడిని కొలిచే కొస) ఉన్న డిజిటల్ మీటర్ తీసుకోండి, రోజులో ఎక్కువ తక్కువ గుర్తుపెట్టుకునే రకం. మీరు ఇంట్లో లేనప్పుడు మూడింటికి ఎంతకి పోయింది, తెల్లవారుజామున ఎంతకి దిగింది అన్నది దాంట్లోనే తెలుస్తుంది. ఒక ప్రోబ్ వేడి పక్క గూడు (పాము దాక్కునే చోటు) లోపల నేల మీద, ఇంకోటి చల్ల పక్క గూడు లోపల. లేజర్ గన్ ఉంటే మంచిదే, కానీ అది ఉపరితలం వేడిని మాత్రమే చదువుతుంది, అద్దం బయటి నుంచి కొడితే అద్దం వేడి చెప్తుంది, పాము సంగతి చెప్పదు. అద్దం జరిపి కొట్టాలి.

ప్రోబ్ సరిగా ఉందో లేదో చూసుకోవడం సులువు. గ్లాసు నిండా ఐస్ దంచి వేసి, ఖాళీలు నిండేంత నీళ్లు పోసి, బాగా కలిపి ప్రోబ్ కొసను మధ్యలో ముంచి ఐదు నిమిషాలు ఆగండి, సున్నా చూపించాలి. ఒకటి రెండు డిగ్రీలు తేడా ఉంటే అది లెక్కలో పెట్టుకోండి. మీ థర్మోస్టాట్ ఎస్‌టీసీ 1000 రకం కంట్రోలర్ అయితే ఎఫ్4 సెట్టింగ్‌లో ఆ తేడాను సరిచేయొచ్చు, ఎఫ్1 కావాల్సిన ఉష్ణోగ్రత, ఎఫ్2 ఎంత తేడాకు మళ్లీ ఆన్ అవ్వాలన్నది, ఎఫ్3 కంప్రెసర్ ఆలస్యం. ఈ కంట్రోలర్‌నే చాలామంది కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడతారు, కాబట్టి పెట్ షాపులో దొరక్కపోయినా కోళ్ల ఫారం సామాను అమ్మేచోట అడగొచ్చు. దానికి రెండు రిలేలు (కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) ఉంటాయి, ఒకటి వేడికి, ఒకటి చల్లదనానికి. రెండో దానికి కూలర్ కలుపుకుంటే గది వేడెక్కగానే దానంతట అదే ఆన్ అవుతుంది. కాకపోతే దాని వెనక టెర్మినళ్లు తెరుచుకునే ఉంటాయి, 230 వోల్టులు, పైన నీళ్ల గిన్నె, ఇంట్లో పిల్లలు, కాబట్టి పెట్టెలో బిగించి ఎర్త్ ఇచ్చి తెలిసినవాళ్లతోనే వైరింగ్ చేయించండి.

ఇంకోటి, ఇది చలికాలానికి కూడా పనికొస్తుంది. ఇలాంటి కంట్రోలర్‌లో రిలే ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుపోతుంది, అప్పుడు మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద అంకె పెరుగుతున్నా ఆపలేదు. అదుపు లేని మ్యాట్ 45, 50 దాటిపోగలదు, పాము దాని మీదే పడుకుని పొట్ట కాల్చుకుంటుంది, ఎందుకంటే పొట్ట కింద వేడి ప్రమాదమని గుర్తించి పక్కకి జరగడం పాములకు సరిగా రాదు. అందుకే మెయిన్ థర్మోస్టాట్ 32లో ఉంటే, దానికి ముందు వరసలో ఇంకోటి 35లో పెట్టి బిగిస్తాను. మొదటిది చెడినా రెండోది కోస్తుంది. ఖర్చు పెద్దగా కాదు, పాము ప్రాణం కంటే ఎక్కువైతే కాదు. ప్రోబ్‌ను మాత్రం గాల్లో వేలాడదీయకండి, మ్యాట్‌కి సరిగ్గా పైన నేలకి ఆనించి, పాము లాగేయకుండా బిగించండి. అది జారి చల్ల పక్కకి పోతే మ్యాట్ ఆగదు.

కాజీపేట_కొత్త:

గిన్నెలో రెండు ఐస్ ముక్కలు వేస్తే సరిపోదా అన్నా? మా దోస్త్ వాళ్లింట్లో ఆక్వేరియంకి అట్లనే చేస్తారు.

మామునూరు_వెట్_స్టూడెంట్:

ఐస్ వద్దు తమ్ముడూ. వేడెక్కి ఉన్న పాము ఉన్నట్టుండి చల్లటి నీళ్లలోకి దిగితే షాక్ తగులుతుంది, అరగంటలో ఐస్ కరిగి నీళ్లు మళ్లీ వేడెక్కుతాయి, రోజుకి పదిసార్లు అలా ఎక్కి దిగడం దానికి ఒకే వేడి కంటే హాని. ఐస్ వాడాల్సిందే అంటే బాటిల్‌లో నీళ్లు గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి, ఎన్‌క్లోజర్ బయట చల్ల పక్క మూత మీద పెట్టండి. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ఆ పక్క కాస్త తగ్గుతుంది. ఇది కరెంటు పోయిన రెండు మూడు గంటలకు మాత్రమే.

నక్కలగుట్ట వారికి. పాము రోజంతా నీళ్లలో ఉంటే మూడు కారణాలు చూడాలి. ఒకటి వేడి, మీ అంకెల ప్రకారం అదే అయ్యుంటుంది. రెండోది కుబుసం విడిచే ముందు, కళ్లు నీలంగా పొరకమ్మినట్టు కనిపిస్తాయి. మూడోది పిడుదు లాంటి చిన్న పురుగులు, ఇంగ్లిష్ వాళ్లు మైట్స్ అంటారు, గిన్నె అడుగున నల్లటి ఆవగింజ కంటే చిన్న చుక్కలు కనిపిస్తే అవే. తెల్ల కాగితం మీద పామును తుడిచి చూడండి, చుక్కలు కదిలితే వెంటనే చికిత్స కావాలి. పురుగులని ఇంట్లో బొద్దింకల స్ప్రే మాత్రం కొట్టకండి.

తిండి మానేసిందని బెంగ పెట్టుకోకండి. బాల్ పైథాన్లు, అందులోనూ మగవి, వారాల తరబడి తినకుండా ఉండగలవు, ఎండలో మానేయడం సహజమే. వంటింటి తూకం మీద వారానికోసారి తూచి రాసి పెట్టుకోండి, బరువు పదో వంతు దాకా తగ్గితే అప్పుడు డాక్టర్. ఇప్పుడు 35లో ఉండగా బలవంతంగా తినిపించే ప్రయత్నం అసలే వద్దు, గది సర్దుకున్నాక సాయంత్రం చీకటి పడ్డాక పెట్టి చూడండి, తిన్న తర్వాత రెండు రోజులు ముట్టుకోకండి.

ప్రమాదం గుర్తుపట్టడం చెప్తాను, ఇది ఇంట్లో అందరికీ చూపించండి. అద్దం వెంట ఆగకుండా తిరుగుతూ మూతితో పొడవడం, నోరు తెరిచి పెట్టడం, తల పైకి ఎత్తి వెనక్కి వాల్చడం, తిరగేస్తే మళ్లీ సరిగా తిరగలేకపోవడం, ఒళ్లు మెత్తబడి వేలాడిపోవడం. ఈ చివరివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదికి తీసుకెళ్లి, 25, 26 డిగ్రీల నీళ్లు తక్కువ లోతులో పోసిన టబ్‌లో తల పైకి ఉండేలా పట్టుకుని ఉంచండి. ఫ్రిజ్ నీళ్లు కాదు, రంజన్ నీళ్లు సరిపోతాయి. నెమ్మదిగా దిగాలి. ఆ తర్వాత కోలుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కి చూపించండి, మెదడుకి దెబ్బ తగిలితే పైకి తర్వాతెప్పుడో తెలుస్తుంది. పాములను చూసిన అనుభవం అందరు పశువైద్యులకూ ఉండదు, కాబట్టి ఎవరు చూస్తారన్నది అవసరం రాకముందే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకోండి.

నక్కలగుట్ట_పైథాన్:

అందరికీ చాలా థాంక్స్. మైట్స్ లేవు, కాగితంతో చూశాను. కళ్లు మామూలుగానే ఉన్నాయి. ముల్లు మీటర్ తీసేసి రెండు ప్రోబ్‌ల మీటర్ తెచ్చాను, ఐస్ నీళ్లలో పెడితే ఒకటి సున్నా, ఇంకోటి 0.6 చూపించింది.

పాత గదిలో మధ్యాహ్నం 37.4 దాకా పోయింది, రాత్రి పదింటికి కూడా 34 ఉంది, కరీంనగర్ అన్న చెప్పినట్టే స్లాబు వేడి. కింద వంటింటి పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న అర్ర ఉంది, కిటికీ ఒకటే, ఉత్తరం వైపు. అక్కడ ఎక్కువ 31.5, తక్కువ 28. సామాన్లు బయటపెట్టి పామును టబ్‌లో అక్కడికి దించేశాం. సాయంత్రానికల్లా గిన్నెలోంచి బయటికి వచ్చి గూట్లోకి పోయింది, చూసి ప్రాణం కుదుటపడింది.

అయినా 31.5 అంటే చల్ల పక్కకి ఎక్కువే కదా? ఏసీ ఆ గదికి పెట్టించే స్తోమత ఇప్పుడు లేదు. కూలర్ ఉంది, అది పెట్టొచ్చా? ఇప్పుడు మ్యాట్ పూర్తిగా తీసేయాలా?

కరీంనగర్_సరీసృపాలు:

31.5 పగలు కాసేపు, రాత్రి 28 అంటే మొన్నటితో పోలిస్తే చాలా నయం, ప్రాణభయం లేదు. ఇంకో రెండు మూడు డిగ్రీలు దించితే చాలు, ఏసీ లేకుండానే దించొచ్చు.

ఆ గదిలో నేల షాబాద్ బండలా, టైల్సా? ఏదైనా టబ్‌ను స్టాండ్ మీద కాకుండా నేరుగా నేల మీద పెట్టండి. కింది అంతస్తు బండ కింద మట్టి ఉంటుంది, అది గదిలో గాలి కంటే చల్లగా ఉంటుంది, టబ్ అడుగు నుంచి వేడిని అదే లాగేస్తుంది. అడుగున పొట్టు పలచగా వేయండి, మందంగా వేస్తే ఆ చల్లదనం పాము దాకా రాదు. నేల మీద పెడితే ఒకటే భయం, చీమలు. కుబుసం విడిచే పామునైనా, కడుపు నిండి కదలని పామునైనా చీమలు వదలవు. చీమల సుద్ద, పొడి ఆ గదిలో వాడకండి, టబ్ చుట్టూ నేలను రోజూ ఉప్పునీళ్లతో తుడిచి, ఎలుక మిగిలిపోతే రాత్రికి రాత్రే తీసేయండి, గోడ పగుళ్లు ఉంటే సిమెంటుతో పూడ్చండి.

రెండోది మట్టి కుండ. కుమ్మరి దగ్గర దొరికే మామూలు కుండ, రంగు వేయనిది, నున్నటి పూత లేనిది. మూతిని పాము పట్టేంతగా పగలగొట్టి అంచులు రాయితో నున్నగా అరగదీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, చల్ల పక్క బోర్లించండి, లోపల తడి కొబ్బరి పొట్టు కొంచెం. కుండలో నీళ్లు చల్లబడేది ఎలాగో ఇదీ అలాగే, మట్టి గుండా తడి ఆరుతూ లోపల మూడు నాలుగు డిగ్రీలు తగ్గిస్తుంది. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది మనకు బాగా పనిచేస్తుంది, సముద్రం పక్క ఊళ్లలో ఇంత పనిచేయదు. రెండు కుండలు పెట్టుకుని రోజు మార్చి రోజు నానబెట్టి మార్చండి. అడుగు మాత్రం బురదలా చేయకండి, ఎప్పుడూ తడిలో పడుకుంటే పొట్ట కింద పొలుసులు పుళ్లు పడతాయి.

కూలర్ పెట్టొచ్చు, కానీ కిటికీ తెరిచి. చాలామంది తలుపులు కిటికీలు మూసేసి కూలర్ వేస్తారు, గంటలో గదంతా ఆవిరి పట్టి అది పనిచేయడం మానేస్తుంది. తడి గాలి బయటికి పోయే దారి ఉంటేనే కొత్త పొడి గాలి వచ్చి చల్లబడుతుంది. గాలి టబ్ మీదికి నేరుగా కొట్టకుండా గోడ వైపు తిప్పండి. గదిలో తేమ 60 దాకా రావడం బాల్ పైథాన్‌కి మంచిదే, దానికి 55 నుంచి 65 కావాలి, మే నెలలో మన గదుల్లో అంత ఎక్కడ ఉంటుంది? మృగశిర దాటి వానలు పడ్డాక మాత్రం కూలర్ ఆపేయండి, అప్పటికే గాలిలో తేమ నిండి ఉంటుంది, కూలర్ చల్లబరచదు, తేమను మాత్రం 80, 90కి తీసుకుపోతుంది.

మ్యాట్ తీసేయకండి, థర్మోస్టాట్‌తో 32లో అలాగే ఉండనివ్వండి. పగలు అది పెద్దగా ఆన్ అవ్వదు, గాలివాన వచ్చి రాత్రి గది ఒక్కసారిగా 25కి పడిపోతే తిన్న ఎలుక అరగడానికి వేడి మూల కావాలి. కాకపోతే టబ్‌లో వేడి, చల్ల రెండు పక్కలా గూళ్లు ఒకే రకంగా ఉండాలి. గూడు ఒకటే పెట్టి అది వేడి పక్క ఉంటే, ఈ పాము దాక్కోవడం కోసం వేడిని భరిస్తుంది, చల్లగా ఉన్నా బయట పడుకోదు.

వచ్చే ఏటికి ఇల్లు మీది అయితే డాబా మీద తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే, తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొట్టి కింద గదుల్లో కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. పాముకే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకూ మంచిది.

ఆదిలాబాద్_చలి:

ఎండాకాలం సంగతి అందరూ చెప్పారు, నేను డిసెంబరు గురించి ఒక ముక్క చెప్తాను, ఎందుకంటే మా వైపు, ఆసిఫాబాద్ వైపు రాత్రులు 10 కంటే కిందికి పోవడం మామూలే, వరంగల్‌లోనూ కొన్ని రాత్రులు గట్టిగానే ఉంటాయి. ఎండాకాలం కోసం కింది బండ మీదికి దించిన టబ్‌ను దసరా తర్వాత అక్కడే మరిచిపోకండి. ఏ బండ మేలో కాపాడిందో అదే బండ జనవరిలో పాము ఒంట్లో వేడి పీల్చేస్తుంది. అప్పుడు మళ్లీ పైన గదికి, నేల నుంచి అడుగు ఎత్తులో.

మ్యాట్ నేలను వేడి చేస్తుంది, గాలిని కాదు. గది 15కి పడితే పొట్ట కింద 32 ఉన్నా పీల్చే గాలి 17, 18 ఉంటుంది, అలా రాత్రుల తరబడి ఉంటే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం. పెట్టె వెనక, రెండు పక్కల థర్మోకోల్ అంగుళం మందం బయటి నుంచి అంటించండి, సగం చలి దానితోనే ఆగుతుంది. అది చాలకపోతే సిరామిక్ హీట్ ఎమిటర్, వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేది, పింగాణీ హోల్డర్‌లో బిగించి చుట్టూ ఇనుప జాలీ కట్టాలి, లేదంటే పాము దానికి చుట్టుకుంటుంది. ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది. ఎర్ర బల్బు రాత్రంతా వేయమని షాపులో చెప్తారు, వద్దు, పాముకి చీకటి కావాలి. వేడి రాళ్లు అని అమ్ముతారు, అవి అసలే వద్దు, ఒకేచోట కాలుతాయి.

చల్లగా ఉన్న పాముకి తిండి పెట్టకండి. వేడి లేకపోతే లోపల అరగదు, ఎలుక కడుపులోనే కుళ్లి కక్కేస్తుంది, ఒకసారి కక్కితే కోలుకోవడానికి వారాలు పడుతుంది.

కాజీపేట_కొత్త:

ఇంత సమాచారం ఒకచోట ఎక్కడా చూడలేదు, అందరికీ దండాలు. నాకు ఒక డౌట్. మా చెల్క దగ్గర రెండు తలల పాము పిల్ల దొరికింది, డబ్బాలో పెట్టి ఉంచాను. దానికి కూడా ఇవే టెంపరేచర్లా?

మామునూరు_వెట్_స్టూడెంట్:

తమ్ముడూ, దానికి టెంపరేచర్ చెప్పను, దాన్ని ఇంట్లో ఉంచకూడదు. మన దేశపు పాములు, జెర్రిపోతు, కొండచిలువ, నువ్వు చెప్పిన రెండు తలల పాము లాంటివి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. రెండు తలల పాముకి లక్షలు వస్తాయని మాయమాటలు చెప్పి తిరిగేవాళ్లు చాలామంది, ఆ వలలో పడి జైలుకి పోయినవాళ్లూ ఉన్నారు. దానికి తలలు రెండు లేవు, తోక మొద్దుగా ఉంటుంది అంతే. పొలంలో ఎలుకలు తిని రైతుకి మేలు చేసే పాము.

బాల్ పైథాన్ వేరు. అది విదేశీ జాతి, అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ జాబితాలో ఉంది, 2022లో మన చట్టాన్ని సవరించినప్పుడు ఇలాంటి జాతులకు నాలుగో షెడ్యూలు పెట్టారు, 2024లో రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. పరివేష్ పోర్టల్‌లో నమోదు చేస్తే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గరికి వెళ్తుంది, చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలపాలి. నక్కలగుట్ట అన్న ఆ పని చేసే పెంచుతున్నాడు.

నువ్వు ఈ రోజే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. వాళ్లు వచ్చేదాకా డబ్బాను నీడలో ఉంచు, మూతకి గాలి రంధ్రాలు ఉండాలి, ఎండలో బైక్ మీద పెట్టుకుని తిరగకు, మూసిన డబ్బాలో పది నిమిషాల ఎండ చాలు దాని ప్రాణం తీయడానికి.

కాజీపేట_కొత్త:

సరే అక్కా, తెలియదు నాకు. ఇప్పుడే చేస్తున్నా.

నక్కలగుట్ట_పైథాన్:

అప్‌డేట్. కుండ, బండ, కిటికీ తెరిచి కూలర్, మూడూ కలిపితే చల్ల పక్క గూట్లో మధ్యాహ్నం 27.8, తెల్లవారుజామున 25.5. వేడి పక్క మ్యాట్ వల్ల పగలూ రాత్రీ 32. నిన్న రాత్రి ఎలుకను తీసుకుంది.

ఒకటే మిగిలింది. మధ్యాహ్నం కరెంటు పోతే కూలర్ ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, 150 ఏహెచ్ బ్యాటరీ. దాని మీద ఎంతసేపు నడుస్తుంది ఖని అన్నా?

ఖని_వైరింగ్:

తిన్నదంటే సంతోషం అన్నా. కూలర్ మీద వాట్స్ రాసి ఉంటుంది చూడండి, మామూలు ఇంటి కూలర్ 150 నుంచి 200. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్స్, బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, చేతికొచ్చేది ఓ వెయ్యి అనుకోండి. కూలర్ ఒక్కటే అయితే అయిదు గంటల దాకా వస్తుంది, దాంతోపాటు ఇంట్లో ఫ్యాన్లు, టీవీ కూడా అదే లైన్‌లో ఉంటే రెండు గంటలకే కూర్చుంటుంది. బ్యాటరీ పాతదైతే ఇంకా తక్కువ. మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయితే కూలర్ మోటారు గుర్రుమని మోగుతుంది, వేడెక్కుతుంది, సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు.

ఆ చిన్న అర్రకి ఇన్వర్టర్ లైన్ విడిగా లాగించుకోండి, కూలర్ పాయింట్, థర్మోస్టాట్ పాయింట్ రెండూ దాని మీదే. చలికాలంలో మ్యాట్ 20, 30 వాట్లే కాబట్టి రాత్రంతా నడిచినా బ్యాటరీకి పెద్ద బరువు కాదు. ఏసీ ఎప్పుడైనా పెట్టిస్తే దాన్ని మాత్రం ఈ లైన్‌కి కలపకండి. ఇంకా, కరెంటు వచ్చాక కంట్రోలర్ తన సెట్టింగ్ గుర్తుపెట్టుకుందో లేదో ఒకసారి మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూడండి, కొన్ని చవక రకాలు మళ్లీ మొదటి అంకెకి పోతాయి.